ఉపసర్గ లేని రోగి

జిల్లా ఆసుపత్రిలో నాకు ఉద్యోగం ఇచ్చారంటే నా హస్తవాసి చూసి ఇచ్చారనుకోకండి. నేను ఓరియంటల్ కాలేజీలో తెలుగు వ్యాకరణం చెప్పుకునే లెక్చరర్ని. సూది చూస్తే నాకు కళ్లు తిరుగుతాయి. అయినా ఒక సోమవారం ఉదయం నన్ను డెప్యుటేషన్ మీద ఆసుపత్రికి పంపుతూ ఉత్తర్వులు వచ్చాయి. హోదా: ఉపసర్గాధికారి.

దీనికి మూలం ఆసుపత్రి సూపరింటెండెంట్ డాక్టర్ త్రివిక్రమయ్యగారు. ఆయన వేసవిలో ఒక చల్లని కొండ ఊరికి శిక్షణకు వెళ్లారు. శిక్షణ పేరు వైద్య పదజాలం. మిగిలినవాళ్లు అక్కడ పడవ షికారు చేసి, శాలువాలు కొనుక్కుని దిగివచ్చారు. త్రివిక్రమయ్యగారు మాత్రం పాఠాలు విన్నారు. అదే ప్రమాదమైంది.

ఆయన తిరిగొచ్చిన రోజే సిబ్బందినంతా సమావేశపరిచారు. "తల, గుండె, కాలేయం, మూత్రపిండాలు అని విడగొట్టి బోర్డులు పెట్టుకోవడం మాంసం కొట్టు పద్ధతి. శాస్త్రీయ సంస్థకు ఇది శోభించదు. రోగం శరీరంలో ఉంటుందన్నది పామరుల నమ్మకం. రోగం దాని పేరులో ఉంటుంది. పేరు సారమంతా దాని ముందుభాగంలో, అనగా ఉపసర్గలో ఉంటుంది. కావున ఒకటో తేదీ నుంచి మన విభాగాలన్నీ ఉపసర్గల ప్రకారం పునర్వ్యవస్థీకరించబడును" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. మా దగ్గర ప్రసంగం ఎప్పుడు అయిపోయిందో తెలుసుకోవడానికి అదొక్కటే గుర్తు.

ఈ పనికి ఉపసర్గలు తెలిసిన మనిషి కావలసి వచ్చాడు. డాక్టర్లలో ఎవరికీ తెలియదట. జిల్లా అంతా వెతికితే ప్ర, పరా, అప, సమ్ అంటూ ఇరవై రెండు ఉపసర్గలూ ఊపిరి తీసుకోకుండా వల్లించేవాణ్ణి నేనొక్కణ్ణే దొరికాను. నావి సంస్కృతం ఉపసర్గలనీ, మీ రోగాలవి గ్రీకువీ లాటినువీ అనీ విన్నవించుకున్నాను. "ఉపసర్గ ఉపసర్గే" అని సూపరింటెండెంటుగారు నా చేతిలో ఇటుకంత పదకోశం పెట్టారు. రెండు వారాలు కూర్చుని దాన్ని నమిలాను. కాలేజీలో పిల్లలు నా క్లాసుకు రావడం మానేసి చాలాకాలమైంది. ఇక్కడ ఇంతమంది రోగులు నాకోసం వరుసలో నిలబడతారంటే, నిజం చెప్పొద్దూ, ఒళ్లు పులకరించింది.

ఒకటో తేదీన పాత బోర్డులు దింపేశారు. గుండె జబ్బుల బోర్డు క్యాంటీన్ వాళ్లు పట్టుకెళ్లి పొయ్యి దగ్గర గాలికి అడ్డం పెట్టుకున్నారు.

హైపర్ అంటే గ్రీకులో పైన, మితిమీరి అని. హైపో అంటే కింద, తక్కువగా అని. రక్తపోటు ఎక్కువైనవాళ్లూ, కడుపులో ఆమ్లం ఎక్కువైనవాళ్లూ, ఊరికే గెంతులేసే పిల్లలూ మేడమీద హైపర్ వార్డులో పడ్డారు. థైరాయిడ్ తగ్గినవాళ్లూ, బీపీ పడిపోయినవాళ్లూ కింద హైపో వార్డులో. పైవాళ్లకు తగ్గించే వైద్యం, కిందివాళ్లకు పెంచే వైద్యం. ఇంతకన్నా సులువైన ఏర్పాటు ఉంటుందా? ఒక చక్కెర రోగి మాత్రం కొంచెం ఇబ్బంది పెట్టాడు. పొద్దున ఆయనకు షుగరు పెరిగి మేడ ఎక్కేవాడు, ఇంజక్షన్ పడ్డాక మధ్యాహ్నానికి పడిపోయి మేడ దిగేవాడు. నాలుగు రోజులు ఎక్కి దిగేసరికి ఆ వ్యాయామానికే షుగరు అదుపులోకి వచ్చింది. కొత్త పద్ధతి సాధించిన తొలి విజయంగా దాన్ని పై అధికారులకు రాసి పంపాం.

పారా అంటే పక్కన. పక్షవాతం ఇంగ్లీషు పేరులో పారా ఉంది కాబట్టి వాళ్లు పారా వార్డు. కడుపులో పాములు పెరిగినవాళ్లూ అక్కడే, ఎందుకంటే పారాసైట్ అంటే ఆ మాట పుట్టుక ప్రకారం ఇతరుల పక్కన కూర్చుని తినేవాడని అర్థం. ఈ అర్థం నేను చెప్పినప్పుడు సిబ్బందిలో నలుగురైదుగురు అక్కడే ఉన్న ఆసుపత్రి కాంట్రాక్టరు వైపు చూశారు. పారాసిటమాల్ కూడా ఆ వార్డుకే చెందిన ఆస్తి అయింది. దాంతో ఊళ్లో జ్వరం వచ్చినవాడల్లా పక్షవాతం వచ్చినట్టు కాలు ఈడ్చుకుంటూ రావడం మొదలుపెట్టాడు.

చిక్కల్లా డయా విభాగంతో వచ్చింది. డయా అంటే గుండా, ద్వారా. డయేరియా, డయాబెటిస్, డయాలసిస్ సరే. డయాగ్నోసిస్ కూడా డయానే అని పదకోశం చెబుతోంది. కనుక రోగమేమిటో తేల్చే అధికారం ఆ విభాగం ఒక్కదానికే దఖలు పడింది. విరేచనాలు పట్టుకున్నవాడికి ఏ రోగమో క్షుణ్ణంగా పరీక్షించి చెప్పేవారు. మిగతా వార్డుల్లో రోగనిర్ధారణ నిలిపివేశారు. అక్కడ రోగులు తమ రోగం పేరు తామే తెచ్చుకోవాలి.

నేను చెప్పకపోతే అన్యాయమవుతుంది గానీ, అన్నిటికన్నా మర్యాద గల విభాగం పోస్ట్. లాటిన్‌లో తర్వాత అని అర్థం. ఆపరేషన్ అయినవాళ్లూ, కాన్పు అయినవాళ్లూ, ఇంకా అన్నీ అయిపోయినవాళ్లూ ఆ వరండా చివర ఉండేవారు. అక్కడ ఎవరినీ కాదనేవారు కారు.

ఇక యాంటీ. యాంటీ అంటే వ్యతిరేకం. యాంటీబయాటిక్, యాంటీసెప్టిక్, కుక్కకాటు మందు, పాముకాటు మందు, అన్నీ అందులోకే వచ్చాయి. ఆ విభాగంలో మందులే తప్ప రోగులు లేరు. ఒక విభాగం మందు ఇంకో విభాగం రోగికి ఇవ్వరాదన్నది నిబంధన కాబట్టి మందులు ఒక్కటీ ఖర్చు కాలేదు. స్టోర్‌కీపర్ రంగస్వామి ఆ గదికి పెద్ద తాళం వేసి, తాళంచెవుల గుత్తి మొలకు కట్టుకుని తిరిగేవాడు. వృథా లేని విభాగమని అతనికి ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు.

జనం తొందరగానే అలవాటు పడ్డారు. మా జనం దేనికైనా అలవాటు పడతారు, నాకు ఒళ్లు మండేది అక్కడే. ఓపీ చీటీల కౌంటరు ముందు "మాది డయా, మీదేంది?" అని ఒకరినొకరు పలకరించుకునేవారు. హైపర్ వాళ్లు హైపో వాళ్ల పక్కన కూర్చోవడం మానేశారు. ఒకావిడ తన కూతురికి వచ్చిన సంబంధాన్ని "వాళ్లు పారా వాళ్లంట, మనకు కుదరదు" అని తిప్పికొట్టింది. కడుపునొప్పి, నడుంనొప్పి, నీరసం లాంటి తెలుగు రోగాలు వచ్చినవాళ్లు కౌంటరు దగ్గరే వెనక్కి వెళ్లిపోయేవారు. వాటికి ఉపసర్గ లేదు. ఉపసర్గ లేనిది రోగమే కాదు. జిల్లాలో రోగాలు సగానికి సగం తగ్గాయని పత్రికలో వచ్చింది.

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం చౌడమ్మ వచ్చింది.

ఆటోలోంచి భర్త ఓబులేసును ఇద్దరు మనుషుల సాయంతో దింపించింది. చంకలో ఒక యూరియా సంచి. మా వైపు అలవాటే అది, కరిచిన పామును చంపి డాక్టరుకు చూపించడానికి వెంట తెస్తారు. ఓబులేసు కాలు మోకాలిదాకా ఉబ్బి నున్నగా మెరుస్తోంది.

"సామీ, మా యింటాయన్ని పాము కర్సింది. శెనక్కాయ చేన్లో కలుపు పీకతాంటే కర్సింది. యా డాక్టరు దగ్గరికి పోవాల?" అని కౌంటరులో అడిగింది.

"ముందు ఉపసర్గ చెప్పమ్మా" అన్నాడు చీటీల గుమాస్తా.

"అదేంది?"

"మీది హైపోనా, హైపరా, డయానా?"

"మాది ఎర్రగుడిపాడు సామీ" అంది చౌడమ్మ.

ఆ సమయానికి అటువైపు వెళ్తున్న డ్యూటీ డాక్టర్ షాహీనా ఓబులేసు కాలు చూసి ఆగిపోయింది. సంచి మూతి కొద్దిగా విప్పించి లోపలికి తొంగి చూసింది. వెంటనే యాంటీ గది దగ్గరికి పరుగెత్తింది. రంగస్వామి చీటీ అడిగాడు. చీటీలో ఉపసర్గ గడి ఖాళీగా ఉంది. "రూలు నేను పెట్టింది కాదు మేడమ్. ఆడిట్లో నా మెడకు చుట్టుకుంటాది" అన్నాడు. ఆమె గొంతు పెంచింది. అతను గొంతు పెంచలేదు, మొల దగ్గర చెవుల గుత్తి మీద చెయ్యి మాత్రం వేసుకున్నాడు.

వ్యవహారం సూపరింటెండెంటుగారి గదికి చేరింది. ఆయన ఆలస్యం చేసే మనిషి కాదు. తక్షణమే అత్యవసర ఉపసర్గ నిర్ణయ సంఘాన్ని సమావేశపరిచారు. సభ్యులు ఆయన, రంగస్వామి, నేను. డాక్టర్ షాహీనా ప్రత్యేక ఆహ్వానితురాలు. ఓబులేసును బయట బల్ల మీద పడుకోబెట్టారు. చౌడమ్మను రోగి తరఫు ప్రతినిధిగా లోపలికి రానిచ్చారు. ఆమె సంచిని తీసుకొచ్చి మా ముందున్న బల్ల మీద, పదకోశం పక్కన పెట్టింది.

"సార్, రక్తపింజరి" అంది షాహీనా. "చిగుళ్లలోంచి అప్పుడే రక్తం వస్తాంది. మందు ఇప్పుడే ఎక్కాల. ఇంకొంచేపు పోతే కిడ్నీలు పోతాయి, తర్వాత మనిషే పోతాడు."

"ఆవేశం వద్దు డాక్టర్" అన్నారు త్రివిక్రమయ్యగారు. "మనం శాస్త్రబద్ధంగా పోదాం. ఉపసర్గాధికారిగారూ, పామును గ్రీకులో ఏమంటారు?"

"ఓఫిస్ అంటారండి" అన్నాను.

"అయితే ఓఫి విభాగం పెట్టవచ్చునా?"

"పెట్టకూడదండి. అది పేరు, ఉపసర్గ కాదు."

"పోనీ హీమో అని రాయండి సార్! ఈ విషం రక్తం మీద పనిచేస్తాది" అంది షాహీనా.

సూపరింటెండెంటుగారు నావైపు చూశారు. నేను పదకోశం తిరగేశాను. "హీమో అంటే రక్తం. అదీ నామవాచకమేనండి. ఉపసర్గల కింద చేర్చడానికి వ్యాకరణం ఒప్పుకోదు" అన్నాను. అన్నాక తలెత్తితే షాహీనా నన్నే చూస్తోంది. ఇరవై ఏళ్ల సర్వీసులో వ్యాకరణం తెలిసినందుకు నాకు సిగ్గేసింది అప్పుడే.

"సార్, మందు పేరులోనే యాంటీ ఉంది కదా. యాంటీ అని రాసేయండి" అంది ఆమె మళ్లీ.

రంగస్వామి లేచి నిలబడ్డాడు. "మందు యాంటీ అండి, మనిషి యాంటీ కాదు. యాంటీ అంటే వ్యతిరేకం అని ఉపసర్గాధికారిగారే సెలవిచ్చినారు. సదరు మనిషి దేనికి వ్యతిరేకమో చీటీలో ల్యా."

"పాముకు సామీ!" అంది చౌడమ్మ. ఆమెకు ఈ సమావేశంలో మొదటిసారి ఒక ముక్క అర్థమైంది. "కట్టెతో కొట్టి సంపినాడు గదా. సంచిలో ఉండాది సూడండి."

గదిలో అందరి ముఖాలూ విప్పారాయి. నాకైతే లేచి ఆవిడకు దండం పెట్టాలనిపించింది. కాని త్రివిక్రమయ్యగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన కళ్లజోడు తుడుచుకున్నారంటే ఒక సందేహం పుట్టిందన్నమాట.

"ఇందులో ఒక సూక్ష్మం ఉంది. ఈయన పాముకు వ్యతిరేకి అయినది కాటుకు ముందా, తదుపరియా? ముందే అయినట్లయితే పాము ఆత్మరక్షణార్థం కరిచినట్లు భావించవలసి వస్తుంది. అప్పుడు బాధ్యత రోగిదే అవుతుంది. తదుపరి అయినట్లయితే, కాటు పడిన సమయానికి ఈయన యాంటీ కాడు. ఈ అంశంపై విచారణ జరపకుండా యాంటీ ఉపసర్గను మంజూరు చేయజాలము."

బయట ఓబులేసు దగ్గాడు. చౌడమ్మ తలుపు దాకా పోయి చూసి వచ్చింది. వచ్చేటప్పటికి ఆమె కొంగు అంచు ఎర్రగా ఉంది.

"సామీ, మీరు ఏందేందో మాట్లాడతాండారు. నాకు తెల్దు. ఆయప్పకు సూది ఎయ్యండి. కాల్మొక్కుతా."

"వేస్తామమ్మా, వేయకుండా ఎక్కడికి పోతాం?" అన్నారు సూపరింటెండెంటుగారు ఎంతో ఆప్యాయంగా. దుర్మార్గుడనుకునేరు, ఆయన కాడు. దుర్మార్గుడైతే బతిమాలో బెదిరించో దారికి తేవచ్చు. పద్ధతి మీద నమ్మకం కుదిరిన మనిషిని ఏమీ చేయలేం. ఆయన పదకోశంలో చాలాసేపు వెతికారు. చివరికి ముఖం వెలిగింది. తీర్మానం చెప్పి రాయించారు.

"సదరు రోగి ప్రస్తుత స్థితిలో ఏ విభాగమునకును అర్హుడు కాడు. అయితే ఇదే స్థితి కొనసాగిన పక్షంలో పోస్ట్ విభాగం వారు ఎట్టి అభ్యంతరమూ లేకుండా చేర్చుకొనగలరు. అచ్చట మంచం ఖాళీగా ఉన్నది. అంతవరకు బల్ల మీద వేచి ఉండవలసినది."

చౌడమ్మకు అందులో మంచం అన్న మాట ఒక్కటే అందింది. ఆమె ముఖంలోకి అంత ఆశ రావడం నేను చూడలేకపోయాను.

"మంచం ఉండాదా సామీ? నీ కడుపు సల్లగుండ. ఆ పోస్టు అంటే ఏంది?"

"ఉపసర్గాధికారిగారు వివరిస్తారు" అన్నారు త్రివిక్రమయ్యగారు, నావైపు చెయ్యి చూపిస్తూ.

"లాటిన్ మాటమ్మా" అన్నాను. "తర్వాత అని అర్థం."

"దేని తర్వాత సామీ?"

ఆసుపత్రిలో చేరిన దగ్గర్నుంచి ఎన్ని ఉపసర్గలకు అర్థం చెప్పానో లెక్కలేదు. ఎవరూ ఇంకో ప్రశ్న వేయలేదు. రాసుకునేవారు, వెళ్లిపోయేవారు. ఈమె అడిగినదానికి జవాబు పదకోశంలో లేదు. నేను సూపరింటెండెంటుగారి వైపు చూశాను, ఆయన కిటికీలోంచి చూస్తున్నారు. రంగస్వామి తన చెప్పులు చూసుకుంటున్నాడు.

"చచ్చిన తర్వాతమ్మా" అన్నాను.

చౌడమ్మ ముందుకు వచ్చి యూరియా సంచి అడుగు రెండు చేతులా పట్టుకుని బల్ల మీద బోర్లించింది. రక్తపింజరి పదకోశం మీద పడి, అక్కడినుంచి జారి తీర్మానం కాగితం మీద సాగిలబడింది. పాము చచ్చిపోయి చాలాసేపైంది. ఆ సంగతి సభ్యులకు గుర్తు చేసే వ్యవధి లేకపోయింది. సూపరింటెండెంటుగారు కుర్చీ మీదికి ఎక్కారు. నేను తలుపు వెనక్కి చేరాను. రంగస్వామి కిటికీలోంచి దూకబోయాడు. మొలకు కట్టిన చెవుల గుత్తి కిటికీ కొక్కేనికి తగులుకోవడంతో, దాన్ని తెంపుకుని మరీ దూకాడు. గుత్తి కొక్కేనికే వేలాడుతూ ఉండిపోయింది. షాహీనా దాన్ని అందుకుని బయటికి పరుగెత్తింది. ఆమె వెనకాల చౌడమ్మ.

ఓబులేసు బతికాడు. సాయంత్రానికి చిగుళ్ల రక్తం ఆగిందనీ, రెండో రోజు మూత్రం సరిగ్గా వచ్చిందనీ షాహీనా వచ్చి నాకు చెప్పింది. ఇంకెవరికీ చెప్పలేదు. అధికారికంగా ఓబులేసు ఆసుపత్రిలో లేడు కాబట్టి ఎవరికీ చెప్పడానికి వీల్లేదు. వారం తర్వాత నడిచి వెళ్తుంటే డిశ్చార్జి చేయడానికీ వీలు లేకపోయింది. చేరని మనిషిని పంపడం ఎలా? వరండాలో అటూ ఇటూ తిరిగే సందర్శకుడని రాసుకుని గేటు తీశారు.

రంగస్వామి మీద ఏ చర్యా లేదు. తాళంచెవులు పోగొట్టుకున్నది విధి నిర్వహణలోనే అని తేలింది. ఉపసర్గ లేని వ్యక్తి మీద యాంటీ విభాగపు ఆస్తిని ప్రయోగించినందుకు షాహీనాకు మెమో ఇచ్చారు. నాకూ ఒక మెమో వచ్చింది. నామీద అభియోగం వేరు: సాంకేతిక పదం యొక్క అర్థమును అనధికార వ్యక్తికి వెల్లడించుట. సంజాయిషీలో నేను ఒక్క వాక్యమే రాశాను, ఆవిడ అడిగింది అని.

ఆ వాక్యం సూపరింటెండెంటుగారిని ఆలోచింపజేసిందట. లోపం ఎక్కడుందో ఆయనకు అప్పుడు బోధపడింది. పద్ధతిలో ఏ దోషమూ లేదు, అడగనివ్వడంలోనే ఉంది. కౌంటరు పైన నిశ్శబ్దం పాటించమనే పాత బోర్డు తీసేసి కొత్త బోర్డు కట్టించారు. పెద్ద అక్షరాలతో: "ఉపసర్గల అర్థములు అడుగరాదు."

పంట ఇంటికి వచ్చాక చౌడమ్మా ఓబులేసూ వచ్చారు. ఓబులేసు కొంచెం కుంటుతున్నాడు. షాహీనా అప్పటికి బదిలీ మీద వెళ్లిపోయింది. ఆ సంగతి చెప్పాను. చౌడమ్మ తెచ్చిన సంచిని కౌంటరు మీద పెట్టింది. అదే యూరియా సంచి. వరండాలో జనం చెల్లాచెదురయ్యారు. రంగస్వామి ఎక్కడున్నాడో గానీ తలుపు గడియ పడిన చప్పుడు వినిపించింది.

"శెనక్కాయలు సామీ" అంది చౌడమ్మ నవ్వుతూ. "పచ్చివే. ఉడకేసుకోండి. ఆ డాక్టరమ్మకూ పంపించు."

పంపిస్తానన్నాను. ఆమె తలెత్తి బోర్డు వైపు చూసింది.

"కొత్తగా కట్టినారే. ఏం రాసినారు దాంట్లో?"

నేను అటూ ఇటూ చూశాను. ఇంకో మెమో వచ్చినా సరే అనిపించింది. "మాటలకు అర్థం అడగకూడదని రాశారమ్మా. ఆ రోజు నువ్వు అడిగావు కదా, అందుకని" అన్నాను.

చౌడమ్మ ఆ అక్షరాలను ఒక చివర నుంచి ఇంకో చివరకు చూసింది. భర్త మోచెయ్యి పట్టుకుని మెట్లు దింపుతూ అంది.

"ఇది ఆ పొద్దే ఉండినా ఏం లాభం సామీ? నాకు సదవను రాదు గదా. అడిగేదాన్నే."